1/25 స్కేల్‌లో హాట్ రాడ్ పికప్ తయారు చేయడం ఎలా

హాట్ రాడ్ (వేగం కోసం కోసి మార్చిన పాత బండి) పికప్ మోడల్ కుదిరిందా లేదా అన్నది మూడడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది. అంత దూరం నుంచి రంగు ఎంత నున్నగా ఉందో కనబడదు, ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ వైర్లు పెట్టారో లేదో కనబడదు. బండి నేల మీద ఎలా నిలబడిందన్నది మాత్రం కనబడుతుంది. ముక్కు కాస్త కిందికి వంగి ఉందా, వెనక టైర్లు ముందువాటి కన్నా పెద్దగా ఉన్నాయా, క్యాబ్ ఎత్తుకూ వెనక తొట్టి పొడవుకూ పొత్తు కుదిరిందా అన్నవి కనబడతాయి. మోడలర్లు దీన్నే స్టాన్స్ అంటారు. అది కుదరకపోతే మిగతా పనితనమంతా వృథా. అందుకే గ్లూ సీసా మూత తీయకముందు చేయాల్సిన పని గురించి ఇక్కడ కాస్త ఎక్కువే చెబుతున్నాను.

అసలు హాట్ రాడ్లు ఎలా పుట్టాయో తెలిస్తే ఎక్కడ కోయాలో, ఎక్కడ వదిలేయాలో కూడా తెలుస్తుంది. 1930ల్లో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డ్ కార్లను మ్యూరాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీదకు తీసుకెళ్లి వేగం కొలుచుకునేవారు. బరువు తగ్గాలని ఫెండర్లు (చక్రాల మీది మడ్‌గార్డులు) ఊడదీశారు. గాలి అడ్డం తగ్గాలని పైకప్పు కోసి కిందికి దింపారు. ఫోర్డ్ 1932లో సామాన్యులు కొనగలిగే కారులో వి8 ఇంజిన్ పెట్టింది. ఆ ఇంజిన్లు పాత కార్ల గుట్టల్లో చేరాక, వాటిని పీకి తేలికపాటి పాత బాడీల్లో బిగించారు. అంటే ప్రతి కోతకూ ఒక కారణం ఉండేది. మీ మోడల్ మీద ఏదైనా కోయబోయే ముందు ఆ కారణం ఏమిటో ఒకసారి మిమ్మల్ని మీరే అడగండి. జవాబు దొరక్కపోతే ఆ కోత మానేయడమే మంచిది.

కిట్ ఎంపిక

అమెరికన్ కార్ల ప్లాస్టిక్ కిట్లు ఎక్కువగా 1/25లో (అంటే అసలు బండిలో ఇరవై ఐదో వంతు సైజులో), కొన్ని 1/24లో వస్తాయి. పికప్‌లలో ఏఎంటీ వాళ్ల 1934 ఫోర్డ్, 1953 ఫోర్డ్, రెవెల్ వాళ్ల 1937 ఫోర్డ్ ఈ పనికి బాగా పనికొస్తాయి. పైకప్పు కోయడం ఇదే మొదటిసారి అయితే 1934 లాంటి పాత క్యాబ్ తీసుకోండి. ఆ కాలం క్యాబ్‌ల పిల్లర్లు (పైకప్పును మోసే నిలువు కమ్మీలు) దాదాపు నిటారుగా ఉంటాయి. మధ్యలో ఒక ముక్క తీసేసినా పైభాగం దిగి వచ్చి కింది పిల్లర్ల మీద ఇంచుమించు సరిగ్గా కూర్చుంటుంది. 1950ల క్యాబ్‌లు అలా కాదు. పైకి పోయేకొద్దీ పిల్లర్లు లోపలికి వాలిపోతాయి. ముక్క తీశాక పై పిల్లర్ ఒకచోట, కింది పిల్లర్ ఒకచోట ఉంటాయి. అప్పుడు పైకప్పును అడ్డంగా, నిలువుగా కోసి, మధ్యలో ప్లాస్టిక్ షీట్ అతికించి పెద్దది చేయాలి. అది రెండో ప్రాజెక్టుకు దాచుకోవాల్సిన పని.

వీలైతే ఇంకో కిట్ కూడా పక్కన ఉంచుకోండి. ఇంజిన్, చక్రాలు, ముందు యాక్సిల్ అందులోంచి తీసుకోవచ్చు. 1/24 కిట్‌లోని ఇంజిన్‌ను 1/25 ట్రక్కులో పెడితే తేడా నాలుగు శాతమే కాబట్టి కంటికి ఆనదు. బానెట్, గ్రిల్ లాంటి బాడీ భాగాలు మాత్రం ఆ రెండు స్కేళ్ల మధ్య కలవవు.

పనిముట్ల జాబితా పెద్దదేమీ కాదు: పదునైన క్రాఫ్ట్ నైఫ్, సన్నని పళ్ల రంపం, చిన్న ఆకురాళ్లు, 0.3 నుంచి 1 మి.మీ. దాకా డ్రిల్ బిట్లు పట్టే పిన్ వైస్, 320 నుంచి 2000 నంబర్ దాకా సాండ్ పేపర్లు, మాస్కింగ్ టేప్, 0.5 మి.మీ., 1 మి.మీ. మందం స్టైరిన్ (కిట్ భాగాలు చేసే ప్లాస్టిక్కే) షీట్లు, పల్చటి లిక్విడ్ సిమెంట్, సూపర్ గ్లూ, రెండు భాగాలు కలిపి వాడే పుట్టీ. కొలతకు ఒక వెర్నియర్ కాలిపర్. గ్లూ, పెయింట్ వాడేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి, పుట్టీ రుద్దేటప్పుడు నీళ్లతో తడిపి రుద్దండి, మాస్క్ వేసుకోండి.

పని మొదలుపెట్టే ముందు భాగాలన్నిటినీ గిన్నెలు తోమే లిక్విడ్ వేసిన గోరువెచ్చని నీళ్లలో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి ఊడి రావడానికి ఫ్యాక్టరీలో పూసిన జిడ్డు మిగిలి ఉంటే రంగు పట్టదు.

ఒక అంగుళం అంటే ఒక మిల్లీమీటరు

1/25 స్కేల్‌లో ఒక పెద్ద సౌకర్యం ఉంది. అంగుళం అంటే 25.4 మి.మీ. దాన్ని 25తో భాగిస్తే 1.016 వస్తుంది. అంటే అసలు బండి మీద ఒక అంగుళం మీ మోడల్ మీద దాదాపు ఒక మిల్లీమీటరు. హాట్ రాడ్ల గురించి రాసేవాళ్లంతా అంగుళాల్లోనే మాట్లాడతారు: నాలుగంగుళాల చాప్ (పైకప్పు కోత), మూడంగుళాల ఛానెల్ (క్యాబ్‌ను ఛాసిస్ మీదకి దించడం), ఆరంగుళాల కిక్-అప్ (ఛాసిస్ వెనక భాగాన్ని పైకి ఎక్కించడం). అవన్నీ మీకు నేరుగా మిల్లీమీటర్లే. ఇక కాలిక్యులేటర్‌తో పని లేదు. 1/24లో ఇది 1.06 మి.మీ. అవుతుంది కాబట్టి చిన్న కొలతలకు అక్కడ కూడా ఇదే లెక్క నడుస్తుంది.

ముందు టేపుతో నిలబెట్టి చూడండి

క్యాబ్, తొట్టి, ఛాసిస్, నాలుగు చక్రాలు తీసుకోండి. గ్లూ వద్దు. మాస్కింగ్ టేప్, బ్లూ ట్యాక్ లాంటి జిగురు ముద్దలతో బండిని తాత్కాలికంగా నిలబెట్టండి. చక్రాల కింద, ఛాసిస్ కింద ప్లాస్టిక్ ముక్కలు పేర్చి ఎత్తు మారుస్తూ చూడండి.

టైర్లతో మొదలుపెట్టండి. సంప్రదాయ హాట్ రాడ్‌లో వెనకవి ఎత్తు, ముందువి చిన్నవి. 1/25లో వెనక టైరు వ్యాసం 30–32 మి.మీ., ముందుది 26–28 మి.మీ. ఉంటే చూపుకు బాగుంటుంది. ముందూ వెనకా ఒకే సైజు పెడితే ఎంత కిందికి దించినా అది మామూలు సామాన్ల బండిలాగే కనిపిస్తుంది.

తర్వాత ఎత్తు. క్యాబ్ కింది అంచు ముందువైపు నేల నుంచి 5–6 మి.మీ. ఎత్తులో, వెనకవైపు దానికన్నా 2–3 మి.మీ. ఎక్కువ ఎత్తులో ఉండేలా పెట్టి చూడండి. ఇక్కడ ఒక హద్దుంది. అసలు బండి కట్టేవాళ్లు చక్రం రిమ్ము కింది అంచు కన్నా దిగువకు ఛాసిస్ గానీ, సైలెన్సర్ పైపు గానీ వేలాడనివ్వరు. టైరు గాలి పోతే ఆ భాగమే రోడ్డును గీకుతుంది కాబట్టి. మీ మోడల్ పక్కన ఒక స్కేలు పెట్టి, ముందు రిమ్ము అడుగు నుంచి వెనక రిమ్ము అడుగు దాకా గీత ఊహించుకోండి. ఆ గీత దాటి ఏదీ కిందికి రాకూడదు. మోడల్ టైరుకు గాలి పోయేది లేదనుకోండి, అయినా ఈ హద్దు దాటిన బండి కంటికి ఎక్కడో తేడాగానే అనిపిస్తుంది.

చూడటానికి బల్ల ముందు కూర్చుని పైనుంచి చూస్తే లాభం లేదు. ఫోన్‌ను బల్ల మీద చక్రాల ఎత్తులో పెట్టి పక్క నుంచి ఫొటో తీయండి. మనిషి నిజం బండిని చూసేది ఇంచుమించు ఆ కోణం నుంచే. ఎత్తులు మారుస్తూ ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఒక రాత్రి వదిలేసి మర్నాడు మళ్లీ చూడండి. నచ్చిన ఫొటోలోని కొలతలన్నీ కాగితం మీద రాసుకోండి: ముందు ఎత్తు, వెనక ఎత్తు, చక్రాల మధ్య దూరం, పైకప్పు నుంచి తీయాల్సిన మందం. ఇక మీదట ఆ కాగితమే మీ ప్లాను.

ఛాసిస్ దించడం

ముందువైపు సులువు. కిట్‌లోని యాక్సిల్ మీద అడ్డంగా ఉండే కమాన్ పట్టీలో పైనున్న పట్టీలను ఆకురాయితో రుద్ది 1–2 మి.మీ. తగ్గిస్తే బండి ముక్కు అంతే దిగుతుంది. ఇంకా దిగాలంటే రెండో కిట్‌లోని డ్రాప్డ్ యాక్సిల్ వాడండి. అది మధ్యలో కిందికి వంగి, చక్రాల దగ్గర పైకి లేచి ఉంటుంది. దించాక స్టీరింగ్ రాడ్ ఛాసిస్‌కు తగులుతోందేమో చూడండి.

వెనకవైపు అసలు పని ఉంది. వెనక యాక్సిల్ ఛాసిస్ రైళ్ల (అటూ ఇటూ పొడవునా ఉండే రెండు దూలాల) కిందే ఉంటుంది కాబట్టి బండి వెనక భాగం ఎక్కువ దిగదు. అందుకే యాక్సిల్ ముందు రైళ్లను కోసి, వెనక ముక్కను ఒక మెట్టు పైకి ఎక్కించి అతికిస్తారు. ఇంగ్లిష్ జెడ్ అక్షరం ఆకారం వస్తుంది కాబట్టి జెడ్ చేయడం అంటారు. 5–6 మి.మీ. ఎక్కిస్తే చాలు. కోసే ముందు రెండు రైళ్లనూ ఒక చదునైన చెక్క ముక్క మీద టేపుతో బిగించండి. లేకపోతే ఒక రైలు అర మిల్లీమీటరు పైకి పోయి, చివరికి నాలుగు చక్రాల్లో ఒకటి గాలిలో వేలాడుతుంది. నిలువు ముక్కను 1 మి.మీ. స్టైరిన్‌తో చేసి, లిక్విడ్ సిమెంట్‌తో అతికించి, లోపలివైపు ఇంకో షీట్ ముక్క దన్నుగా వేయండి. ఒక రోజంతా ఆరనివ్వండి.

ఇక్కడ పికప్‌కు ఒక మెలిక ఉంది. ఛాసిస్ వెనక భాగం పైకి లేస్తే తొట్టి నేల కూడా పైకి లేవాలి. తొట్టి లోతు అంత తగ్గుతుంది. కూపే కారులో ఈ పని డిక్కీ కింద దాగిపోతుంది. పికప్‌లో అది బయటికే కనిపిస్తుంది. ఆరు మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ ఎక్కించొద్దని నేను చెప్పేది అందుకే. అంతకు మించితే తొట్టి పళ్లెంలా మిగులుతుంది.

పైకప్పు కోత

చాప్ అంటే అందరూ భయపడతారు గానీ, గీత సరిగ్గా గీస్తే కోయడం పావుగంట పని. ఓపిక కావలసింది గీతల దగ్గరే.

నాలుగు మిల్లీమీటర్ల చాప్ అనుకుందాం. మొదటిసారికి అది చాలు, ఆరు దాటితే క్యాబ్ కిటికీలు చీలికల్లా అయిపోతాయి. మాస్కింగ్ టేప్‌ను గాజు పలక మీద అతికించి, స్కేలు పెట్టి సరిగ్గా 4 మి.మీ. వెడల్పు పట్టీ కోయండి. ఆ పట్టీని క్యాబ్ చుట్టూ, పిల్లర్లు ఎక్కడ ఒకే వెడల్పులో నిటారుగా ఉన్నాయో అక్కడ అతికించండి. పైఅంచు ఒక గీత, కిందిఅంచు ఒక గీత. ఇక పెన్సిల్‌తో కొలతలు పెట్టాల్సిన పనిలేదు. క్యాబ్‌ను బల్ల మీద నిలబెట్టి, పట్టీ చుట్టూతా నేల నుంచి ఒకే ఎత్తులో ఉందో లేదో కాలిపర్‌తో నాలుగు మూలలా చూడండి.

వెనక గోడ విషయంలో నిర్ణయం మీది. అదే ఎత్తులో వెనక అద్దం మీదుగా కోసేస్తే అద్దం ఎత్తు తగ్గుతుంది, పని తేలిక. అద్దం పూర్తి సైజులో ఉండాలనుకుంటే గోడ దగ్గర గీతను మెట్టులా కిందికి దింపి, అద్దం దిగువన ఉన్న చదును రేకులోంచి ఆ నాలుగు మిల్లీమీటర్లు తీయాలి. నాకు చిన్న అద్దమే ఇష్టం. చాప్ చేసిన క్యాబ్‌కు వెనక పెద్ద అద్దం ఉంటే పైకప్పు ఎక్కడి నుంచో అరువు తెచ్చుకున్నట్టుంటుంది.

కోసే ముందు క్యాబ్ లోపల, తలుపుల ఎత్తులో, పనికిరాని స్ప్రూ (కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్కను అడ్డంగా అతికించండి. పైభాగం ఊడిపోయాక కింది భాగం వంకర పోకుండా ఇది పట్టి ఉంచుతుంది. ముందు నైఫ్ వెనక అంచుతో గీతల మీద నాలుగైదుసార్లు గీసి గాడి చేయండి, తర్వాత రంపం పెట్టండి. వెనక గోడ మొదట, తలుపు వెనక పిల్లర్లు తర్వాత, ముందు అద్దం పక్కనుండే సన్నని పిల్లర్లు చివర. అవి ముందే తెగితే మిగతావి కోసేటప్పుడు వచ్చే ఊపుకు విరిగిపోతాయి. గీతకు ఒక వెంట్రుక మందం పట్టీ లోపలివైపే కోసి, మిగిలింది చదునైన సాండ్ పేపర్ మీద రుద్ది సరిచేయండి.

అతికించేటప్పుడు వెనక పిల్లర్లలో 0.5 మి.మీ. రంధ్రం చేసి చిన్న రాగి తీగ ముక్క దించండి. కీలు కుదురుగా నిలుస్తుంది. నాలుగు మూలలూ టేపుతో పట్టి, ముందు నుంచి చూసి పైకప్పు ఒక పక్కకు వాలలేదని నిర్ధారించుకున్నాకే సిమెంట్ తాకించండి. సందులు పూడ్చడానికి అదే కిట్ స్ప్రూ ముక్కలను లిక్విడ్ సిమెంట్‌లో కరగబెట్టిన ముద్ద చాలా మంచిది, ఎందుకంటే అది ఆరాక మళ్లీ ప్లాస్టిక్కే. సూపర్ గ్లూతో పూడిస్తే గంటలోపే రుద్దేయండి. మర్నాటికి అది చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కన్నా గట్టిపడి, రుద్దినప్పుడు పక్కన గుంటలు పడతాయి. ట్యూబులో వచ్చే ఒంటి పుట్టీని లోతైన సందుల్లో నింపొద్దు. అది వారాల తరబడి కుంచించుకుంటూ, రంగు వేశాక కీలు గీతను మళ్లీ పైకి తెస్తుంది.

ఇక తలుపు గీతలు. పుట్టీ, ప్రైమర్, రంగు, క్లియర్ కోటు అన్నీ కలిసి వాటిని పూడ్చేస్తాయి. రంగుకు ముందే నైఫ్ వెనక అంచుతో ప్రతి తలుపు గీతనూ లోతు చేసుకోండి.

ఛానెల్, సీటు

క్యాబ్ నేలను కోసి పైకి జరిపి, క్యాబ్ మొత్తాన్ని ఛాసిస్ మీదకి ఇంకాస్త దించడం ఛానెలింగ్. 3 మి.మీ. చాలు. క్యాబ్ దిగినంత మేర రేడియేటర్ గ్రిల్‌నూ దించాలి. లేకపోతే బానెట్ ముందుకు ఎక్కుతూ కనిపిస్తుంది. చాప్, ఛానెల్ రెండూ చేసిన క్యాబ్‌లో డ్రైవరుకు మిగిలే చోటు చాలా తక్కువ. కిట్ సీటును అలాగే పెడితే తల పైకప్పులోంచి బయటికి రావాలి. సీటు అడుగు భాగాన్ని రుద్ది పల్చన చేయండి, స్టీరింగ్ వీల్ కిటికీ అంచు కన్నా పైకి రాకుండా కాలమ్ వంచండి. సీటుకు నిలువు కుట్ల పరుపు కావాలంటే 0.75 మి.మీ. అర్ధవృత్తాకార స్టైరిన్ పట్టీలను పక్కపక్కన అతికించండి. క్యాబ్ లోపల ఇంతకు మించి శ్రమ పడితే, ఆ చిన్న కిటికీల్లోంచి చూసేవాళ్లు ఉండరు.

తొట్టి

పొడవాటి తొట్టి ఉంటే చాప్ చేసిన క్యాబ్ దాని ముందు పొట్టిగా, ఇమడనట్టు కనిపిస్తుంది. 10–15 మి.మీ. కురచ చేయండి. ఎక్కడ కోస్తారన్నది ముఖ్యం. వెనక చక్రం వెనకాల కోస్తే చక్రాల మధ్య దూరం మారదు, ఛాసిస్ తోక మాత్రం కత్తిరిస్తే సరిపోతుంది. చక్రానికి ముందు కోస్తే ఛాసిస్ రైళ్లను, డ్రైవ్ షాఫ్ట్‌ను కూడా అంతే కురచ చేయాలి. పని ఎక్కువే గానీ చక్రం క్యాబ్‌కు దగ్గరగా జరిగి బండి బిగువుగా కనిపిస్తుంది. నా ఓటు దీనికే. రెండింట్లో ఏది చేసినా, తొట్టి పక్క గోడ మీద కర్రలు దిగేసే నిలువు గూళ్లు ఉంటాయి కదా, వాటి అంచు వెంటే కోయండి. కీలు ఆ గూటి నీడలో దాగిపోతుంది.

తొట్టి నేలకు నిజం చెక్క వాడండి. పాత పికప్‌లలో చాలావాటి తొట్టికి నేలగా చెక్క పలకలు, వాటి మధ్య సన్నని ఇనుప పట్టీలు ఉండేవి. 0.5–0.8 మి.మీ. మందం బాస్‌వుడ్‌ను 5 మి.మీ. వెడల్పు పలకలుగా కోసి, వాటి మధ్య 1 మి.మీ. స్టైరిన్ పట్టీలు పెట్టండి. పట్టీలకు ముందే రేకు రంగు వేసుకోండి. బాల్సా వద్దు. దాని చారలు ఈ స్కేల్‌కు మరీ ముతక. పలకలను అతికించక ముందే స్టెయిన్ వేయండి. గ్లూ అంటిన చోట చెక్క రంగు పీల్చుకోదు. ఒక్కో పలకకు కొద్దిగా తేడా షేడ్ ఇస్తే నిజంగా విడివిడి పలకల్లా ఉంటాయి.

ఇంజిన్

బానెట్ లేని బండిలో అందరి కళ్లూ ఇంజిన్ మీదే. రెండు దారులున్నాయి. ఒకటి ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి8, రెండోది 1955లో వచ్చిన షెవర్లే స్మాల్ బ్లాక్. 1940ల రూపం కావాలంటే మొదటిది తప్ప మార్గం లేదు.

ఫ్లాట్‌హెడ్‌లో చాలామంది తప్పు చేసేది సైలెన్సర్ పైపుల దగ్గర. ఒక్కో పక్క నాలుగు సిలిండర్లున్నా మధ్య రెండింటికీ కలిపి ఒకే దారి ఉంటుంది. కాబట్టి పక్కకు మూడు పైపులే. స్మాల్ బ్లాక్‌కు నాలుగు. ఫ్లాట్‌హెడ్‌కు రేడియేటర్ నుంచి పైన రెండు హోస్ పైపులు వస్తాయి, ఒక్కో హెడ్‌కు ఒకటి. డిస్ట్రిబ్యూటర్ ముందువైపు ఉంటుంది. స్మాల్ బ్లాక్‌లో డిస్ట్రిబ్యూటర్ వెనక, క్యాబ్ గోడకు ఆనుకుని ఉంటుంది. ఈ మూడూ సరిగ్గా ఉంటే ఇంజిన్ తెలిసినవాళ్లు కూడా వేలు చూపలేరు.

ప్లగ్ వైర్లకు 0.3 మి.మీ. ఇన్సులేషన్ ఉన్న సన్నని తీగ వాడండి. నిజం వైరు 7–8 మి.మీ. లావు కాబట్టి స్కేల్‌కు అదే సరిపోతుంది. అర మిల్లీమీటరు తీగ పెడితే తోటకు నీళ్లు పెట్టే పైపుల్లా కనిపిస్తాయి. స్మాల్ బ్లాక్ డిస్ట్రిబ్యూటర్ మూతలో చుట్టూ ఎనిమిది, మధ్యలో కాయిల్‌కు ఒకటి, మొత్తం తొమ్మిది రంధ్రాలు చేయాలి. మూత మరీ చిన్నదైతే 2 మి.మీ. స్టైరిన్ కడ్డీ ముక్కతో కొత్తది చేసుకోండి. వరసగా పెట్టాలనే పట్టుదల ఉంటే స్మాల్ బ్లాక్ ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2, ఫ్లాట్‌హెడ్‌ది 1-5-4-8-6-3-7-2. రేడియేటర్ హోస్‌కు 2 మి.మీ. సోల్డర్ తీగ బాగుంటుంది. వంచితే వంగినట్టే ఉంటుంది, మ్యాట్ నలుపు వేస్తే రబ్బరే.

రంగు

క్యాబ్, తొట్టి, ఫెండర్లు ఉంటే అవి, అన్నిటికీ ఒకే రోజు, ఒకే డబ్బా నుంచి రంగు వేయండి. తర్వాత వేసిన తొట్టి ఎప్పుడూ అరషేడు తేడా చూపిస్తుంది.

బూడిద రంగు ప్రైమర్ పల్చగా వేసి, లైటు కింద తిప్పి చూడండి. గీతలు, గుంటలు అప్పుడే బయటపడతాయి. 600 నంబర్‌తో తడిపి రుద్ది, మళ్లీ ప్రైమర్. ఇది ఎన్నిసార్లు చేయాలో ప్లాస్టిక్కే చెబుతుంది. ఎరుపు ప్లాస్టిక్‌లో పోసిన కిట్ అయితే జాగ్రత్త. లేత రంగుల్లోంచి ఆ ఎరుపు పైకి ఊరుతుంది. ముందొక వెండి రంగు కోటు వేసి అడ్డుకోవాలి. నిజం కార్లకు వాడే ఘాటైన లాకర్‌ను నేరుగా స్టైరిన్ మీద కొడితే ప్లాస్టిక్ నెర్రెలు విచ్చుతుంది. మధ్యలో సరైన ప్రైమర్ ఉండాల్సిందే. లాకర్ మీద ఎనామెల్ వేయొచ్చు. ఎనామెల్ మీద లాకర్ వేస్తే కింది పొర ముడతలు పడుతుంది.

ఎయిర్ బ్రష్ ఉంటే 0.3 మి.మీ. నాజిల్, 15–20 పీఎస్ఐ గాలి ఒత్తిడి. మొదటి రెండు కోట్లు దుమ్ము చల్లినట్టు పల్చగా, చివరిది తడిగా మెరిసేలా. అంచుల దగ్గర మొదలుపెట్టి మధ్యకు రండి. రంగు ముద్ద కట్టేది, జారేది అంచుల దగ్గరే.

ఏ రంగు? నలుపు, ముదురు ఎరుపు, లేదా ఉత్త ప్రైమర్ రంగు ఆ కాలానికి నప్పుతాయి. మెటాలిక్ వేయాలనుకుంటే రేణువులు అతి సన్నగా ఉన్నదే ఎంచుకోండి. నిజం కారు పెయింట్‌లోని మెరుపు రేణువు ఈ స్కేల్‌లో చెమ్కీలా కనిపిస్తుంది. ముక్కు మీద మంటల బొమ్మ కావాలంటే ఒక పక్క ఆకారాన్ని ట్రేసింగ్ పేపర్ మీద గీసి, తిరగేసి రెండో పక్కకు వాడండి. చేత్తో రెండుసార్లు గీస్తే రెండు పక్కలా ఒకేలా రావు. నల్ల బాడీ మీద మంట ఆకారం తెరిచి ఉంచి, మిగతాది టేపుతో మూసి, తెలుపు, దానిపై పసుపు, కొసల్లో నారింజ, ఎరుపు వేయండి. రంగు పూర్తిగా గట్టిపడక ముందే టేపు మెల్లగా వెనక్కి మడిచినట్టు లాగండి.

క్లియర్ కోటు ఆరాక 2000 నంబర్‌తో తడిపి రుద్ది, పాలిషింగ్ కాంపౌండ్ పట్టించండి. పదునైన అంచుల మీద మాత్రం రుద్దొద్దు. అక్కడ రంగు పొర అన్నిటికన్నా పల్చన. ప్రైమర్ లుక్ బండికైతే ఈ పనంతా అక్కర్లేదు, సెమీ-మ్యాట్ క్లియర్ ఒక్కటి చాలు.

క్రోమ్, అద్దాలు

కిట్‌లో వచ్చే క్రోమ్ భాగాలు మందంగా, అచ్చు గీతలతో బొమ్మకారు మెరుపులా ఉంటాయి. ఇంట్లో వాడే బ్లీచ్‌లో కొన్ని గంటలు నానబెడితే ఆ పూత పోతుంది. చేతులకు గ్లవ్స్ వేసుకోండి. బ్లీచ్‌లో వేరే ఏ క్లీనరూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. గీతలు రుద్దేసి, గ్లాసీ నలుపు వేసి, దానిపై ఆల్‌క్లాడ్ లాంటి క్రోమ్ లాకర్ అతి పల్చగా కొట్టండి. కింద నలుపు ఎంత మెరిస్తే పైన క్రోమ్ అంత మెరుస్తుంది. అన్నీ క్రోమ్ చేయకండి. గ్రిల్ చుట్టూ, హెడ్‌లైట్ల రింగులు, ఎయిర్ క్లీనర్లు, చక్రాల మధ్య మూతలు చాలు.

చాప్ తర్వాత కిట్ అద్దాలు ఎలాగూ పట్టవు. కిటికీ మీద టేపు అతికించి, అంచు వెంట పెన్సిల్‌తో రుద్ది ఆకారం తీసుకోండి. ఆ టేపును 0.2 మి.మీ. పారదర్శక షీట్ మీదకు మార్చి కోయండి. అతికించడానికి తెల్ల ఫెవికాల్ రకం గ్లూయే వాడాలి. సూపర్ గ్లూ ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది.

కూర్పు

ఇంజిన్ ఛాసిస్‌లో, తర్వాత యాక్సిళ్లు, తర్వాత సైలెన్సర్ పైపులు. బండిని గాజు పలక మీద నిలబెట్టి నాలుగు చక్రాలూ ఆనుతున్నాయో లేదో యాక్సిల్ గ్లూ ఆరకముందే చూడండి. మెత్తటి వినైల్ టైర్లను రంగు వేయని స్టైరిన్ రిమ్ముకు నేరుగా తొడగొద్దు. టైరులోని రసాయనం నెలలు గడిచేకొద్దీ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. రిమ్ము చుట్టూ సన్నని అల్యూమినియం రేకు పట్టీ వేసి తొడిగితే ఆ బాధ ఉండదు.

తర్వాత సీటు, డ్యాష్‌బోర్డు పెట్టిన క్యాబ్ నేల ఛాసిస్ మీదకు, దానిపై క్యాబ్. చివరికి తొట్టి. క్యాబ్‌కూ తొట్టికీ మధ్య సందు అటూ ఇటూ ఒకేలా, సుమారు 1 మి.మీ. ఉండాలి. 1 మి.మీ. స్టైరిన్ ముక్క సందులో పెట్టి తొట్టిని దానికి ఆనించి అతికించండి, ఆరాక ముక్క లాగేయండి. హెడ్‌లైట్లు, తోక దీపాలు, పక్క అద్దం ఆ తర్వాతే. అవి ముందు పెడితే చేయి తగిలి ఊడతాయి.

నంబర్ ప్లేటు మరిచిపోయేరు. 1956 నుంచి అమెరికా ప్లేట్ల సైజు 12 అంగుళాలు, 6 అంగుళాలు. అంటే మీకు 12 మి.మీ., 6 మి.మీ. కాలిఫోర్నియా ప్లేటు 1956లో పసుపు పలక మీద నల్ల అక్షరాలతో వచ్చింది, 1963 నుంచి నల్ల పలక మీద పసుపు అక్షరాలు. బండిని ఏ కాలానికి కట్టారో దాన్నిబట్టి ఎంచుకుని, ప్రింట్ తీసి 0.25 మి.మీ. షీట్ మీద అతికించి, టెయిల్‌గేట్ కింద ఎడమవైపు బిగించండి.